రాలేదన్న పార్సిల్

రాలేదని చెప్పాను. "పార్సిల్ వచ్చిందా అబ్బా?" అని మా అమ్మాయి మహీన్ ఫోన్లో అడిగితే ఇంకా రాలేదమ్మా అన్నాను. అంటున్నప్పుడు ఆ పార్సిల్ కౌంటరు కింద నా కాలికి తగులుతూనే ఉంది. అవతల రైలు చప్పుడు, ఎవరో పల్లీలమ్ముకుంటున్న కేక, ఆ మధ్యలో తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరేలెండి, రాకపోతే మన కొట్లోదే పట్టుకెళ్తాను" అంది. అదీ మాట. ఆ మాట కోసమే కదా పొద్దుట్నుంచీ కాచుక్కూర్చున్నాను. తాడేపల్లిగూడెంలో కాలేజీకి సెలవులిచ్చేశారు, బండెక్కేసింది, గంటలో ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగి తిన్నగా కొట్టుకే వస్తుంది, బ్యాగు తీసుకుని రాత్రికి ఢిల్లీ బండి ఎక్కుతుంది, అక్కణ్ణుంచి స్నేహితురాళ్ళతో కలిసి హిమాలయాల్లో నడకట. నడకట! కాళ్ళు నొప్పి పుట్టాలంటే ఏలూరు సంతలో తిరిగితే చాలదూ. పోనీ, నడవనీ, నడవద్దని నేనేమీ అనలేదు. ఈ ఒక్క గంటా గడిస్తే నా కూతురు నా కొట్టు బ్యాగు తగిలించుకుని కొండెక్కుతుంది, ఆ పార్సిల్ వచ్చిన చోటికే తిరిగి పోతుంది. అంతే నాక్కావలసింది. ముప్పయ్యేళ్ళుగా ఇదే బజార్లో బ్యాగులమ్ముతున్న జిలానీ కూతురు ఆన్‌లైన్లో బ్యాగు తెప్పించుకుందని తెలిస్తే పక్క కొట్టువాళ్ళు మొహం మీద నవ్వరు, మన ఊళ్ళో అంత మర్యాద తప్పరు, టీ తాగించి మరీ నవ్వుతారు. హోటలు నడిపేవాడింటికి పక్క హోటల్నుంచి క్యారేజీ వచ్చినట్టుంటుంది.

కుర్చీలో మహీన్ కోసం నేను తీసి పెట్టిన బ్యాగుంది. కొట్లో అన్నిటికంటే ఖరీదైనది, నీలం రంగు, లోపల అరల మీద అరలు, ఛాతీ బెల్టుకి ఒక ఈల కూడా ఉంది, కొండల్లో తప్పిపోతే ఊదుకోవడానికట. మా ఆవిడ ఖదీజా మధ్యాహ్నం పంపించిన స్వెట్టర్లూ చపాతీలూ జ్వరం మాత్రలూ అన్నీ అందులో సర్దేశాను. సర్దేసినదాన్ని తీసి మళ్ళీ సర్దుకునే ఓపిక ఎవరికుంటుంది? ఇదీ వ్యాపారమే, కస్టమరు చేతిలోని సామాను బ్యాగులో పడేయిస్తే సగం బేరం అయినట్టే. ఫ్యాను మే నెల వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. పైన కొక్కేలకి బ్యాగులు వేలాడుతున్నాయి, అన్నిటి పొట్టల్లోనూ పాత పేపర్లు. పేపర్లు కుక్కితే ఏ బ్యాగైనా బొద్దుగా అందంగానే ఉంటుంది. జనం దాన్ని భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటారు. అద్దంలో! వీపుతో మోసేదాన్ని కళ్ళతో చూసి కొనేవాళ్ళని ఏమనాలి? రంగు చూస్తారు, జిప్పులు లాగి చూస్తారు, ఇది ఎన్ని లీటర్లండీ అంటారు. లీటర్లేమిటి, పాలు పోస్తారా అందులో? గణపవరం నుంచి చేపల చెరువుల వాళ్ళు ఊటీ వెళ్ళడానికి వస్తారు, అన్నిటికంటే పెద్దది చూపించమంటారు, మోసేది డ్రైవరు కాబట్టి. ఆఫీసుల వాళ్ళు ల్యాప్‌టాప్ పట్టాలంటారు, చివరికి అందులో పెట్టేది పెరుగన్నం డబ్బా. కొల్లేరులో పక్షుల్ని చూడ్డానికి హైదరాబాదు నుంచి దిగేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కారు దిగి పడవెక్కే కాస్త దూరానికి వీపు మీద మంచుకొండ ఎక్కేంత సరంజామా, ఆకుపచ్చ చొక్కాలు, ఆకుపచ్చ టోపీలు, గూడబాతులు చూసి వీళ్ళని చెట్లనుకోవాలని. ఆ పక్షులు ఏళ్ళ తరబడి చెరువుల కాపలావాళ్ళ టపాకాయలకే బెదరడం మానేశాయి, వీళ్ళ చొక్కాలు చూసి మోసపోతాయా.

అయినా కొంటారు. కొనిపిస్తాను. మనిషిని అద్దం ముందు నిలబెట్టి వెనకనుంచి నేనే బ్యాగు తగిలిస్తాను, పట్టీలు సర్దుతున్నట్టు సర్దుతూ, ఎడమ చెయ్యి అడుక్కి పోనిచ్చి కొంచెం, కొంచెమే, పైకెత్తి పట్టుకుంటాను. ఊరికే కాదండీ, లోపల బరువు పెట్టి చూపించండి అనే తెలివైనవాళ్ళు కూడా వస్తుంటారు, వాళ్ళ దగ్గర ఈ చెయ్యి ఇంకా బాగా పనిచేస్తుంది. "ఏవండీ, మోస్తున్నట్టే లేదండీ!" అని మొహం ఇంత చేసుకుంటారు. ఎందుకుంటుంది, మోస్తున్నది నేను. ఊళ్ళు తిరిగి సంచులమ్మే రోజుల్లోనే మా నాన్న నేర్పాడు, ఆయనకి ఎవరు నేర్పారో. ఇందులో పాపమేమీ లేదు, బట్టల కొట్టువాడు లైట్లన్నీ వేసి చీర పరవడా? పళ్ళవాడు మంచివి పైన పేర్చడా? గడప దిగాక ఎవరి వీపు వాళ్ళది. అలాంటి చెయ్యి ఇది. కిందటి నెల ఒక ఆదివారం మహీన్ వచ్చి, కొండలకి వెళ్తున్నాను, ఒక మంచి బ్యాగు చూపించండి అంటే, నేను సంబరపడి నిచ్చెన వేసుకుని పై వరసలోది దింపాను, లోపల నీళ్ళ సీసాలు పెట్టాను, అద్దం ముందు నిలబెట్టి తగిలించాను. నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. నేను చెయ్యమనలేదు. అలవాటు. మహీన్ అద్దంలో నా వంక చూసింది. ఈ కొట్లోనే సూట్‌కేసుల మధ్య పెరిగిన పిల్ల, పెద్ద పెట్టెలో దూరి మూత వేసుకుని ఆడుకున్న పిల్ల, దానికి తెలియనిదేముంది? "చెయ్యి తియ్యండి అబ్బా" అంది. చాలా మెల్లగా అంది. అరిచినా బాగుండేది. తీశాను. బరువు దిగేసరికి వెనక్కి ఒక్క తూలు తూలి నిలదొక్కుకుంది. "నేను చూసుకుంటాలెండి" అని నీళ్ళ సీసాలు బయటికి తీసి ఒక్కొక్కటీ కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఇంట్లో ఖదీజా చేత దర్జీ టేపుతో వీపు కొలిపించుకుంటోంది, మెడ ఎముక దగ్గర్నుంచి నడుము ఎముక దాకా. జాకెట్టు కుట్టించుకుంటున్నావా అన్నాను. వీపు పొడుగుని బట్టి బ్యాగు తీసుకోవాలట, బరువు భుజాల మీద కాదు నడుము మీద నిలవాలట. ఫోన్లో ఎవడో చెప్పాడు. ఎవడో మొహం తెలియనివాడు చెబితే వేదం, కన్నతండ్రి తగిలిస్తే మోసం. నాకు ఎంత కోపమొచ్చిందంటే ఆ టేపు లాక్కుని కిటికీలోంచి పారేద్దామనిపించింది.

ఆ ఎవడో చెప్పిన బ్యాగేమిటో చూద్దామని పార్సిల్ చింపాను. చింపడం తప్పేమీ కాదు, తిరిగి పంపేటప్పుడు మళ్ళీ అతికించుకోవచ్చు. ముందు మొహం చూడగానే నవ్వొచ్చింది, బూడిద రంగు, పెళ్ళికీ పనికిరాదు చావుకీ పనికిరాదు. ఈలైనా లేదు. కుట్లు చూశాను. బ్యాగు చచ్చేది కుట్ల దగ్గరే, భుజాల పట్టీ వీపుని అంటుకునే మూల. అక్కడ దారం ఒకటే వరస పోతుంది నా కొట్లో సరుక్కి, అందుకే వర్షాకాలానికి మళ్ళీ వస్తారు జనం. ఇక్కడ అటూ ఇటూ తిప్పి దిట్టంగా కుట్టారు. గోరుతో గీరాను. కదల్లేదు. జిప్పు రన్నరు పట్టుకుని వంకరగా లాగాను, ఇరుక్కుపోవాలి, పోలేదు. నడుం బెల్టు ఫోము బొటనవేలితో నొక్కాను, నా బ్యాగుల ఫోము ఇడ్లీలా లోపలికి పోయి అక్కడే ఉంటుంది, ఇది నొక్కితే నొక్కాను కదా అన్నట్టు మళ్ళీ లేచింది. దరిద్రపు బ్యాగు. ఒక్క లోపమైనా ఉండొద్దూ, ఒక్కటంటే ఒక్కటి, పిల్ల రాగానే చూపించి చూశావా అనడానికి? ఇంటికి పట్టుకెళ్దామని పక్క కిరాణాలోంచి తెచ్చిన బియ్యం మూట అందులో కూలేశాను. తగిలించుకున్నాను. నడుం బెల్టు బిగించాను, పట్టీలు వదులు చేశాను. అద్దంలో గడ్డం నెరిసిన మనిషి బూడిద బ్యాగు వేసుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాడు. భుజాల మీద బరువు లేదు. నిజంగా లేదు, వెనక ఎవరి చెయ్యీ లేదు, వెనక్కి తిరిగి చూశాను కూడా, సిగ్గులేకుండా.

ఈ భుజాలకి బరువంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్టు పెట్టక ముందు మండవల్లి వైపు ఊళ్ళన్నీ మూట కట్టుకుని తిరిగాను, సైకిలు పోని చోట చెరువుగట్ల మీద నడిచి, చేతిసంచులూ బడిసంచులూ రేకు పెట్టెలూ అన్నీ కలిపి నులకతాడుతో వీపుకి కట్టుకుని. కొల్లేరు గాలికి చేపల నీచు, కాళ్ళ కింద జారుడు బంకమట్టి, తాడు దిగిన చోట ఎడమ భుజం మీద గాడి, ఇప్పటికీ ఉంది, తలంటేటప్పుడు ఖదీజా చెయ్యి అక్కడ ఆగుతుంది. ఆ గాడి మీదే మహీన్ని ఎక్కించుకుని ఆటపాక తీసుకెళ్ళి గూడబాతుల్ని చూపించాను. అబ్బా, వాటి మూతి కింద సంచి ఉందేంటి అంది. ఉండదూ, బ్యాగుల జిలానీ అమ్మి ఉంటాడు అన్నాను. నవ్వి నవ్వి నా జుట్టు పట్టుకుని పీకింది. అప్పట్నుంచే దానికి ఈ తిరుగుడు పిచ్చి, గట్లెంబడి నడవడం, బురదలో దిగడం, ఏ పిట్ట ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పడం. నేనే అంటించాను. అంటించినందుకు ఇదిగో, ఎవడో కుట్టిన బ్యాగులో నా ఇంటి బియ్యం మోస్తూ నిలబడ్డాను. విప్పేసి కౌంటరు మీద పెడుతుండగా గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. కొట్లోకి చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు.

అనంతపద్మనాభం గారు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, పెదపాడు మనిషి, ఆయన వెనక వాళ్ళావిడ వసుంధర గారు. "ఏవండీ జిలానీ గారూ, బదరీ వెళ్తున్నామండీ, వీపుకి తగిలించుకునేది ఒకటి చూపిస్తారా, నడుము నొప్పి రానిది" అన్నారు ఆయన. ఇక మొదలు. ఈయన పిల్లలకి లెక్కలెలా చెప్పాడో గానీ, ఒక్కో బ్యాగునీ తల్లకిందులు చేసి, జిప్పు తీసి ముక్కు పెట్టి వాసన చూసి, అడుగున ఉన్న అర దగ్గర ఆగిపోయాడు. "ఇదెందుకండీ?" బూట్లు పెట్టుకోవడానికండీ అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. "కింద చెప్పులు పెట్టి, వాటి మీద మడిబట్టలు పెడితే ఎలాగండీ? పంచెలు పనికొస్తాయా ఇక?" మధ్యలో రెగ్జినుందండీ, అంటదు అన్నాను. రెగ్జిను తోలు కాదు కదా అన్నారు. కాదండీ, ప్లాస్టిక్కే అన్నాను. ప్లాస్టిక్కైతే ఫరవాలేదన్నారు. రైల్లో పడుకున్న బెర్తు మీద అంతకు ముందు ఎవడు పడుకున్నాడో అడగని మనిషి, చెప్పుకీ పంచెకీ మధ్య రెగ్జినుకి కులం అడుగుతున్నాడు. నేను చాలా మర్యాదగా నవ్వాను. ఆయన్ని అద్దం ముందు నిలబెట్టి తగిలించాను, చెయ్యి అడుక్కి వెళ్ళింది, "ఆహా, తేలిగ్గా ఉందే వసుంధరా" అన్నారు. అయిపోయింది బేరం. ఆవిడ మాత్రం కౌంటరు దగ్గరే నిలబడి బూడిద బ్యాగుని చూస్తున్నారు.

"ఇది వేసుకుని చూడొచ్చాండీ? మోసేది నేనే, ఆయనకి వీపు నొప్పి" అన్నారు. అది మా అమ్మాయిదండీ, అమ్మేది కాదు అన్నాను. "ఊరికే చూస్తానండీ" అని ఆవిడ అప్పటికే పట్టీలో చెయ్యి దూర్చేశారు. బియ్యం ఉందని చెప్పాలి, చెప్పలేదు. మూలగనీ, తూలనీ, అప్పుడు తెలుస్తుంది దీని గొప్పతనం అనుకున్నాను. రెండు చేతులూ నా వెనక కట్టుకున్నాను. ఆవిడ బెల్టు పెట్టుకుని అద్దం దాకా నడిచి, అక్కణ్ణుంచి గడప దాకా నడిచి, వెనక్కి వచ్చారు. చీర కుచ్చిళ్ళు కూడా చెదరలేదు. "పేపర్లు కుక్కారా అండీ ఇందులో?" అన్నారు. నేను బియ్యం అన్నాను. ఆవిడ విప్పి, జిప్పు తీసి, మూటని చేత్తో తట్టి చూసి, మళ్ళీ జిప్పు వేశారు. కుర్చీలో ఉన్న నీలం బ్యాగుని చూశారు, పైన వేలాడేవాటిని చూశారు, భర్త వీపు మీదున్నదాన్ని చూశారు. "మీ అమ్మాయికి ఇదీ, మాకు అవీనా అండీ?" అన్నారు. కోపంగా కాదు, కాఫీలో పంచదార వేశారా అని అడిగినట్టు. మాస్టారు రెగ్జిను తడుముకుంటూ ఏమీ వినలేదు. "పోన్లెండి, ఆయనకి నచ్చింది కదా, అదే ఇప్పించండి" అని ఆవిడే సంచీలోంచి డబ్బు తీశారు. వెళ్ళేటప్పుడు నమస్కారం కూడా పెట్టారు. తెలిసీ కొనే ఇలాంటి మనుషులంటే నాకు అసహ్యం. మోసపోయేవాడితో వేగొచ్చు, తెలిసి తెలిసీ నవ్వుతూ డబ్బిచ్చేవాళ్ళతో ఎలా వేగడం?

బూడిద బ్యాగుని బియ్యంతో సహా కౌంటరు కిందికి తోసేసి, చింపిన అట్ట దాని మీద కప్పి, మొహం కడుక్కుని కూర్చున్నాను. మహీన్ వచ్చింది. ఎండకి ఎర్రబడిపోయి, చేతిలో ఒక బట్టల సంచి, కాళ్ళకి మాత్రం కొండలెక్కే బూట్లు, అవి కూడా అలవాటు చేసుకుంటోందట. "మంచినీళ్ళివ్వండి అబ్బా" అని సీసా ఎత్తి గటగటా తాగింది. తాగి కుర్చీ వంక చూసింది. "ఇదేనా?" ఇదే, అన్నిటికంటే మంచిది, అమ్మ పంపినవన్నీ సర్దేశాను అన్నాను. "అది రాలేదన్నమాట." రాలేదమ్మా, వీళ్ళ సంగతి తెలిసిందే కదా, చెప్పేదొకటి చేసేదొకటి అన్నాను. "అవును" అంది. బట్టలు కూడా అందులోనే కుక్కి, నా సాయం అడక్కుండా తనే ఎత్తి తగిలించుకుంది. అద్దం వైపు తిరగలేదు. "ఇంటికెళ్ళి అమ్మకి చెప్పి స్టేషనుకెళ్తాను, మీరు కొట్టు కట్టేసి వచ్చేయండి" అని గడప దిగింది.

గడప దిగాక కస్టమర్ల వంక నేనెప్పుడూ చూడను. డబ్బు గల్లాపెట్టెలో వేసుకోవడానికి తల వంచుతాను. ఇప్పుడు వేసుకోవడానికి ఏమీ లేదు, అందుకని చూశాను. నడుం బెల్టు నడుము మీద లేదు, పొట్ట మీద ఉంది. బ్యాగు వెనక్కి లాగుతుంటే పిల్ల ముందుకి వంగి నడుస్తోంది. బజారు మలుపు తిరక్కుండానే రెండు బొటనవేళ్ళూ పట్టీల కిందికి దూర్చి భుజాల మీంచి ఎత్తి పట్టుకుంది. ఇంకా కొండలు మొదలవలేదు. ఇంకా బజారే దాటలేదు. "మహీన్" అని పిలిచాను. గట్టిగా పిలిచాననుకున్నాను, ఎలా వినబడిందో, వెనక్కి వచ్చింది. "వచ్చిందమ్మా. పొద్దున్నే వచ్చింది. కౌంటరు కింద ఉంది" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. "తెలుసు అబ్బా" అంది. "మీరు తీసుకున్నారని పొద్దున్నే మెసేజ్ వచ్చింది నాకు. మీ పేరు కూడా ఉంది."

"తెలిసి మరి ఇదెందుకు తగిలించుకున్నావు?"

"రాలేదని మీరు చెప్పారు కదా."

అంతే అంది. దాని గొంతులో దెప్పు లేదు, ఆ లేకపోవడమే నన్ను చంపేసింది. ఫోన్లో కాసేపు మాట్లాడలేదే, అప్పుడే నిర్ణయించుకుందన్నమాట, తండ్రి మాట పోకూడదని, ఈ దరిద్రపు నీలం బ్యాగుని కొండ పైదాకా మోసి మళ్ళీ కిందికి మోసుకొచ్చి, బాగుంది అబ్బా అని చెబుదామని. మూర్ఖులనుకున్నాను ఇన్నేళ్ళూ. గణపవరం వాళ్ళని, ఆఫీసుల వాళ్ళని, లెక్కల మాస్టార్లని. అడుగున నా చెయ్యి తగిలి కూడా, పాపం పెద్దమనిషి ఏమనుకుంటాడోనని మొహమాటపడి, మోస్తున్నట్టే లేదండీ అని పొగిడి, డబ్బిచ్చి వెళ్ళినవాళ్ళు వీళ్ళలో ఎంతమందో నాకు తెలియదు. నా ముందు నటించి, గడప దిగాక నన్ను చూసి జాలిపడినవాళ్ళు. ఛీ, ఏం బతుకు బతికానురా అనిపించింది.

కింద కూర్చుని బూడిద బ్యాగు బయటికి లాగాను. "ఈ బియ్యమేంటబ్బా?" అంది. మూట తీసి పక్కన పెట్టి, నీలం బ్యాగు విప్పి, స్వెట్టర్లు, చపాతీలు, మందులు, బట్టలు ఒక్కొక్కటీ ఇందులోకి మార్చాను. బరువైనవి వీపుకి ఆనుకునేట్టు పెట్టాను. అది నాకు ఎప్పుడూ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. మహీన్ తగిలించుకుని బెల్టు పెట్టుకుంది. నేను దూరంగా, కౌంటరుకి అటువైపు నిలబడ్డాను. నిటారుగా నిలబడింది నా కూతురు. నా వైపు తిరిగి, "ఎలా ఉంది అబ్బా, చెప్పండి, బాగుందా?" అంది.

"బాగుంది" అన్నాను. ముప్పయ్యేళ్ళుగా రోజూ అంటున్న మాటే. ఈసారి నా రెండు చేతులూ కౌంటరు మీదే ఉన్నాయి.